పేరు వేసుకోని కలం

కొడవటిగంటి కుటుంబరావు గారు 1980 ఆగస్టు 17న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు డెబ్భై ఏళ్ళు. వాటిలో యాభై ఏళ్ళు రాతలోనే గడిచాయి. కథలు, నవలలు, నాటికలు, గల్పికలు, వ్యాసాలు, ఉత్తరాలు అన్నీ కలిపితే పది పన్నెండు వేల పేజీలు ఉంటాయని లెక్క. విప్లవ రచయితల సంఘానికి ఉపాధ్యక్షుడు. 'చందమామ'ను ఇరవై ఎనిమిదేళ్ళు తన చేతుల మీదుగా నడిపిన మనిషి. ఆయన పోయి నాలుగు దశాబ్దాలు దాటినా ఏటా ఆగస్టు వచ్చేసరికి ఆయన గురించి ఏదో ఒకటి రాయాలనే అనిపిస్తుంది. ఎందుకంటే మా ఊళ్ళో ఆయనను చదివినవాళ్ళలో ఎక్కువమందికి ఆయన పేరు తెలియదు.

మాది తిరువొత్తియూరు. మద్రాసు తెలుగువాళ్ళంటే అందరికీ టీ నగర్, వడపళని, కోడంబాకం గుర్తొస్తాయి. సినిమావాళ్ళు, పత్రికలవాళ్ళు, సంగీత సభలు గుర్తొస్తాయి. ఉత్తరాన, సముద్రం ఒడ్డున, ఫ్యాక్టరీల మధ్య ఇరుక్కున్న మా ఊరు గుర్తు రాదు. సంగీతం తెలిసినవాళ్ళు మాత్రం గుర్తు పడతారు. వీణ కుప్పయ్యర్ పిలిస్తే త్యాగరాజస్వామి ఇక్కడికి వచ్చి త్రిపురసుందరి అమ్మవారి మీద ఐదు కీర్తనలు కట్టారు. వాటినే తిరువొత్తియూరు పంచరత్నాలంటారు. అది పంతొమ్మిదో శతాబ్దపు సంగతి. మేం పుట్టేనాటికి ఇది అగ్గిపెట్టెల ఊరు, టైర్ల ఊరు, మోటారు సైకిళ్ళ ఊరు. ఇవాళ మెట్రో రైలు చివరి స్టేషన్ల దగ్గర వినిపించే 'వింకో నగర్' అన్న పేరు పాత అగ్గిపెట్టెల ఫ్యాక్టరీది. ఎం.ఆర్.ఎఫ్. 1946లో ఇక్కడే ఒక షెడ్డులో పిల్లలాడుకునే బెలూన్లు చేస్తూ మొదలైంది. 1955లో ఎన్‌ఫీల్డ్ వచ్చింది. ఆ ఫ్యాక్టరీల చుట్టూ తమిళులతో పాటు తెలుగువాళ్ళూ బతికారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, యూనియన్ మీటింగులో రెండూ.

మా నాన్న జీతం అందుకున్న రోజున ఇంటికి తెచ్చేవాటిలో 'చందమామ' ఒకటి. పక్కింట్లో 'అంబులిమామ'. అది తమిళ చందమామ. పక్కింటి అమ్మాయీ నేనూ రెండు పుస్తకాలూ అరుగు మీద పక్కపక్కన పరుచుకునేవాళ్ళం. బొమ్మలు అవే, పేజీలు అవే, అక్షరాలే వేరు. భేతాళ కథ చివరి పేజీ చేత్తో మూసి, విక్రమార్కుడు ఏం జవాబు చెప్పి ఉంటాడో ఇద్దరం వాదించుకునేవాళ్ళం. తను తమిళంలో, నేను తెలుగులో, మధ్యలో ఇద్దరం రెండూ కలిపి. రాజు చెప్పిన జవాబు నచ్చక ఆ రాజుతోనే పోట్లాడిన రోజులున్నాయి. ఆ కథ వెనక ఒక మనిషి ఉన్నాడనీ, ఆ మనిషి మా ఊరికి బస్సు దూరంలో ఆర్కాట్ రోడ్డులో కూచుని రాస్తున్నాడనీ మాకు తెలియదు. తెలిసే వీలూ లేదు. సంపాదకుడిగా చక్రపాణి గారి పేరుండేది. కుటుంబరావు గారి పేరు ఎక్కడా ఉండేది కాదు.

'చందమామ' 1947 జూలైలో తెలుగు, తమిళ భాషల్లో మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు పెట్టిన పత్రిక. కుటుంబరావు గారు 1952 జనవరిలో చేరి చనిపోయేదాకా అందులోనే ఉన్నారు. కథ ముందు తెలుగులో తయారయ్యేది. అక్కడి నుంచి తమిళంలోకి, కన్నడంలోకి, హిందీలోకి, తక్కిన భాషల్లోకి వెళ్ళేది. అంటే తెలుగులో ఆయన కుదిర్చిన వాక్యమే దేశంలో సగం భాషల పిల్లలకు మొదటి వచనమైంది. ఎక్కడెక్కడి నుంచో పాఠకులు పంపిన కథలను ఆయన తిరగరాసేవారు. పొడుగు సమాసాలు ఉండవు. ఉపన్యాసం ఉండదు. ఎవరు, ఎక్కడ, ఏం చేశారు, దానివల్ల ఏం జరిగింది, అంతే. ఏ వాక్యం దగ్గరా పిల్లవాడు ఆగి పెద్దవాళ్ళను అర్థం అడగక్కర్లేదు. ఇంత తేటగా రాయడం ఎంత కష్టమో రాసేవాళ్ళకు తెలుసు.

భేతాళ కథలనే తీసుకోండి. సంస్కృతంలో ఉన్నవి పాతికే. సోమదేవుడు పదకొండో శతాబ్దంలో వాటిని కథాసరిత్సాగరంలో చేర్చాడు. ఆ పాతికా అయిపోయిన తర్వాత కూడా 'చందమామ'లో భేతాళుడు నెలనెలా మాట్లాడుతూనే ఉన్నాడు, దశాబ్దాల తరబడి. కొత్త కథలు కావాలి. ఏ కథ పడితే అది పనికిరాదు. చివర ఒక ముడి పడాలి. ఆ ముడి విప్పడానికి బలం అక్కరకు రాకూడదు, ఆలోచనే కావాలి. ఒక కథలో ఒకడు త్యాగం చేసినట్టు కనిపిస్తాడు, నిజానికి అతనికి వేరే దారి లేదు. ఇంకొక కథలో ఒకడు కృతఘ్నుడిలా కనిపిస్తాడు, అతని స్థితిలో ఎవరున్నా అదే చేసేవాళ్ళు. మనిషి చేసిన పనిని చూసి వెంటనే మంచివాడనో చెడ్డవాడనో అనెయ్యకు, అతను ఏ పరిస్థితిలో ఆ పని చేశాడో ముందు చూడు. రాజు జవాబులన్నీ దాదాపు ఈ దారినే నడుస్తాయి. మేం అరుగు మీద కూచుని పోట్లాడుతూ నేర్చుకున్నది ఇదే. చాలా ఏళ్ళ తర్వాత కుటుంబరావు గారి నవలలు, రాజకీయ వ్యాసాలు చదివినప్పుడు అదే పద్ధతి, అదే గొంతు కనిపించాయి. 'చందమామ' చిత్రకారుడు శంకర్ గారి బొమ్మలో శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకు నడిచే ఆ రాజు వీటిలో లేడు, అంతే తేడా.

ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే తెనాలికి వెళ్ళాలి. 1909 అక్టోబరు 28న అక్కడ పుట్టారు. మధ్యతరగతి బ్రాహ్మణ కుటుంబం. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. సాహిత్యం అన్నగారి వల్ల అబ్బింది. గుంటూరులో ఇంటర్మీడియట్, విజయనగరంలో ఫిజిక్సుతో బి.ఎ., ఆపైన ఎమ్మెస్సీకి బనారస్ హిందూ విశ్వవిద్యాలయం. సరిగ్గా ఆ సమయానికే, 1929లో, ప్రపంచం మీద ఆర్థికమాంద్యం విరుచుకుపడింది. అమెరికాలో షేర్లు కూలితే గుంటూరు జిల్లాలో ధాన్యం ధర పడిపోయింది. బనారసులో ఒక తెలుగు కుర్రవాడి ఎమ్మెస్సీ మధ్యలో ఆగిపోయింది. ఈ మూడింటికీ సంబంధం ఉందని తెలుసుకోవడమే ఆయన రాజకీయ విద్యకు ఓనమాలు అని నా నమ్మకం. మార్క్సిజం పుస్తకాల ద్వారా తర్వాత వచ్చి ఉంటుంది. ముందు మాత్రం చదువు ఆగిపోయిన కుర్రవాడు ఎందుకు ఆగింది అని అడిగాడు, జవాబు కోసం తన జాతకం కాకుండా బజారు ధరలు చూశాడు.

ఆ తర్వాత ఎన్నెన్ని ఉద్యోగాలో. గుమాస్తాగా, పంతులుగా, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా, సినిమాల్లో, పత్రికల్లో. 'చందమామ'కు ముందు 'ఆంధ్రపత్రిక' వారపత్రికలో పనిచేశారు. ఆ పత్రిక మా ఉత్తర మద్రాసుదే, జార్జిటౌన్‌లో తంబుచెట్టి వీధి. ఎక్కడ పనిచేసినా ఆయన కళ్ళు జీతాల మీద, అద్దెల మీద, అప్పుల మీద ఉండేవి. అంతకుముందు తెలుగు కథల్లో ప్రేమ ఉంది, సంస్కరణ ఉంది, కన్నీళ్ళున్నాయి. ఈ పాత్ర నెలకు ఎంత సంపాదిస్తుంది, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అని ప్రతి ఇంట్లోనూ వెతికి చూపించిన మొదటివాళ్ళలో ఆయన ముఖ్యుడు. 'గడ్డురోజులు', 'బ్రతుకు భయం', 'ఐశ్వర్యం', 'అద్దెకొంప'. పేర్లు చూస్తేనే ఆయన దృష్టి ఎక్కడ ఉందో తెలుస్తుంది.

'చదువు' నవలను గురించి కాస్త ఆగి చెప్పాలి. సుందరం అనే పిల్లవాడి చదువు కథ అది. తల్లి సీతమ్మ, తండ్రి శ్రీమన్నారాయణ, ఒక కోస్తా పట్నం. మొదటి ప్రపంచయుద్ధం కాలం నుంచి ఆర్థికమాంద్యం దాకా నడుస్తుంది. ఆ ఇరవై ఏళ్ళలో దేశంలో జరిగిన పెద్ద సంగతులన్నీ అందులో ఉన్నాయి. అయితే ఏదీ వేదికెక్కి మాట్లాడదు. యుద్ధం వస్తువుల ధరల్లోంచి ఇంట్లోకి వస్తుంది. సహాయ నిరాకరణం బడి మానడం గురించి పిల్లలు చెప్పుకునే కబుర్లలోంచి వస్తుంది. పుస్తకాల్లోని చదువు ఒక దారిన పోతూ ఉంటే, ఇరుగుపొరుగు మాటల్లోంచి, చావుల్లోంచి, పెళ్ళిళ్ళలోంచి, డబ్బు ఇబ్బందుల్లోంచి సుందరం అసలు చదువు చదువుతూ ఉంటాడు. డిగ్రీ కోసం ఇల్లు అప్పులు చేస్తుంది. డిగ్రీ చేతికొచ్చే కాలానికి ఉద్యోగాలు ఉండవు. ఇంజనీరింగు సీటు కోసం పొలం అమ్మిన కుటుంబాలు మనకు ఇవాళ ఎన్ని తెలుసు! ఆ కుటుంబాల కథ ఇంత నిదానంగా, ఇంత నిజంగా చెప్పిన తెలుగు నవల ఆ తర్వాత వచ్చిందని నేను అనుకోను. తెలుగులో పది గొప్ప నవలలు చెప్పమంటే నేను దీనితోనే మొదలుపెడతాను.

ఆడవాళ్ళ గురించి ఆయన రాసిన తీరు వేరే చెప్పుకోదగ్గది. చలం ప్రేమ కోసం, స్వేచ్ఛ కోసం గొంతెత్తి అరిచాడు, ఆ అరుపు అవసరమే. కుటుంబరావు గారు అరవలేదు. ఈ ఇంట్లో ఈ ఆడమనిషికి ఆస్తి హక్కు లేదు, సంపాదన లేదు, చదువు సగంలో ఆపేశారు, ఇప్పుడు ఆమె సహనాన్ని మీరు సద్గుణం అంటున్నారు, అని చూపించి ఊరుకున్నారు. అలా చూపించిన తర్వాత ఆ సహనాన్ని పొగడడానికి పాఠకుడికి నోరు రాదు. పెళ్ళి, కట్నం, వైధవ్యం, కులం. వీటిని ఆచారాలుగా కాక ఆస్తి వ్యవహారాలుగా చూడడం మన ఇళ్ళకు నేర్పిన రచయిత ఆయన. మా వీధిలో పెళ్ళి మాటలు జరుగుతుంటే ఎవరు ఎంత ఇస్తున్నారో వినగానే నాకు ఆయన పేజీలే గుర్తొస్తాయి.

ఆయన రాతకు ఒక హద్దు ఉంది. దాన్ని దాచి పొగడడం ఆయన పద్ధతి కాదు, కాబట్టి నాకూ తగదు. ఆయన కథాలోకం మధ్యతరగతి. అందులోనూ ఎక్కువగా కృష్ణా, గుంటూరు జిల్లాల పై కులాల మధ్యతరగతి. మా తిరువొత్తియూరులో షిఫ్టు సైరను విని లేచే కార్మికుడు, వేకువన వల లాగే మత్స్యకారుడు ఆయన కథల్లో నాయకులుగా కనిపించరు. కార్మికవర్గం వైపు నిలబడిన రచయిత కార్మికుల కథలు రాయలేదేమని అడిగేవాళ్ళున్నారు. నాకు మాత్రం అది ఆయన నిజాయితీ అనిపిస్తుంది. తనకు లోపలి నుంచి తెలిసిన వర్గాన్నే ఆయన విప్పి చూపించాడు. ఆ వర్గం భయాలను, నటనలను, చిన్న చిన్న దొంగతనాలను, పై వర్గం మీద ఆశనూ కింది వర్గం మీద చులకననూ పూర్తిగా బయటపెట్టాడు. మా ఫ్యాక్టరీ ఇళ్ళలో కూడా కొడుకుకు గుమాస్తా ఉద్యోగం వస్తే చాలు, బతుకు మారిపోతుందన్న ఆశ ఉండేది. ఆ ఆశ ఎక్కడికి తీసుకుపోతుందో తెలియాలంటే ఆయన నవలలు చదవాలి.

ఇక విరసం, అంటే విప్లవ రచయితల సంఘం సంగతి. 1969 డిసెంబరులో శ్రీకాకుళం కొండల్లో కవి సుబ్బారావు పాణిగ్రాహిని పోలీసులు చంపారు. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరుగుతుంటే విశాఖ విద్యార్థుల పేరున ఒక కరపత్రం వచ్చింది. ప్రజలు ఒక వైపు, ప్రభుత్వం ఒక వైపు నిలబడ్డ ఈ వేళ మీరు ఎటు ఉన్నారో చెప్పమని రచయితలను నిలదీసింది. ఆ ఏడు జూలై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. శ్రీశ్రీ అధ్యక్షుడు. కె.వి. రమణారెడ్డి కార్యదర్శి. చేరినవాళ్ళలో చాలామంది కుర్రవాళ్ళు. కుటుంబరావు గారికి అరవై దాటాయి. నెల జీతం మీద సంసారం నడిపే మనిషి. పనిచేస్తున్నది పెద్ద సినిమా స్టూడియో యజమానుల పత్రికలో. అప్పటికే తెలుగులో పెద్ద రచయితగా స్థిరపడ్డాడు, ఇంటిపట్టున కూచుని గౌరవాలు అందుకునే వయసు. ఆ వయసులో ఆయన వచ్చి ఆ కుర్రవాళ్ళ పక్కన నిలబడ్డాడు, చివరిదాకా నిలబడ్డాడు.

ఆ నిలబడడం విలువ ఇప్పుడు మనకు సరిగా అందదేమో. విరసం కవితా సంకలనాలను ప్రభుత్వం నిషేధించింది. సభ్యులను కుట్ర కేసుల్లో ఇరికించారు, ఎమర్జెన్సీలో జైళ్ళలో పెట్టారు. ఎన్నో ఏళ్ళ తర్వాత విరసం సంస్థనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. ఆ తేదీ 2005 ఆగస్టు 17. కుటుంబరావు గారు పోయి సరిగ్గా పాతికేళ్ళు నిండిన రోజు. ఆ నిషేధం ఆ సంవత్సరం ముగిసేలోపే తొలగిపోయింది.

పిల్లల పత్రికలో రాజుల కథలు, దేవతల కథలు నడిపిన మనిషి విప్లవ రచయిత ఎలా అవుతాడని ఒక ప్రశ్న ఉంది. పగలు భేతాళుడు, రాత్రి మార్క్సా అని అడగవచ్చు. నేను ఆయన రెండు రకాల రాతలూ పక్కపక్కన పెట్టి చదివాను. రెండూ ఒకే మనిషివి. ఆయన హేతువాది, భౌతికవాది. అయినా జానపద కథను చిన్నచూపు చూడలేదు. ప్రజలు వందల ఏళ్ళుగా తమ తెలివిని, తమ కోపాన్ని, తమ న్యాయబుద్ధిని దాచుకున్న చోటు అది. 'చందమామ' కథల్లో గెలిచేది తరచుగా ఎవరు? పేదవాడి కొడుకు, తెలివైన కోడలు, మోసపోయినా మోసం చేయని కూలివాడు. ఓడిపోయేది పిసినారి షావుకారు, మూర్ఖపు జమీందారు. రాక్షసులు ఉంటారు, మంత్రాలు ఉంటాయి, వాటికీ ఒక తర్కం ఉంటుంది. కారణం లేకుండా ఏదీ జరగదు. ఆ కారణం వెతికే అలవాటు ఒకసారి పడితే, పెద్దయ్యాక ఎవరు వచ్చి ఏం చెప్పినా ఊరికే తల ఊపడం కుదరదు. పదేళ్ళ పిల్లవాడికి ఇంతకంటే మంచి రాజకీయ శిక్షణ ఏమిస్తాం?

ఆయన సైన్సు వ్యాసాలను ఇప్పుడు తక్కువమంది చదువుతున్నారు, అది నష్టమే. ఫిజిక్సు చదువు మధ్యలో పోయినా ఫిజిక్సు ఆయనను వదలలేదు. సైన్సు, చరిత్ర, తత్వశాస్త్రం, సినిమా, సంగీతం అన్నిటి మీదా రాశారు. అన్నిట్లోనూ అదే చూపు. పరిశీలించు, సంబంధాలు చూడు, పెద్ద మాటలకు భయపడకు. మద్రాసులో ఇలాంటి మనిషి ఇంకొకరు ఉండేవారు. సింగారవేలర్. 1923 మే 1న దేశంలో మొదటిసారి మే డే జరిపి, సముద్రం ఒడ్డున కార్మికుల జెండా ఎగరేసిన ఆయన, 1930లలో పెరియార్ పత్రిక 'కుడి అరసు'లో తమిళంలో సైన్సు వ్యాసాలు రాశారు. నక్షత్రాల గురించి, జీవుల పుట్టుక గురించి, మూఢనమ్మకాల గురించి రాశారు. కూలివాడికి కూలి పెంచితే సరిపోదు, ఆకాశం ఎలా ఉందో కూడా అతనికి చెప్పాలి అనుకున్న మనుషులు వీళ్ళు. ఒకరు తమిళంలో, ఒకరు తెలుగులో. ఒకే ఊరు. సింగారవేలర్ 1946లో పోయారు. ఆయన పేరు తమిళ పిల్లలకు పాఠాల్లోనో, ఏదో భవనం మీదో కనిపిస్తుంది. కుటుంబరావు గారి పేరు ఈ మహానగరంలో నాకు ఏ వీధి పలక మీదా కనిపించలేదు.

ఆయన సైన్సు దారిలో ఆయన కొడుకు రోహిణీప్రసాద్ నడిచారు. అణుభౌతిక శాస్త్రవేత్త, సితార్ విద్వాంసుడు, తెలుగులో సైన్సును కథలా చెప్పిన రచయిత. 2012లో ఆయనా వెళ్ళిపోయారు. కూతురు శాంతసుందరి మంచి అనువాదకురాలు. ఆమె కూడా ఇప్పుడు లేరు. తేటగా రాయడం ఆ ఇంటి ఆచారం అనిపిస్తుంది.

గల్పిక అన్న రూపాన్ని తెలుగులో నిలబెట్టింది కూడా ఆయనే. కథ అంత పొడుగు ఉండదు, వ్యాసం అంత బరువు ఉండదు. ఒకటి రెండు పేజీల్లో ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటారు. ఒకరు లోకం అంతా ఒప్పుకున్న సంగతి ఒకటి చెబుతారు, రెండోవారు ఒక చిన్న ప్రశ్న అడుగుతారు, అంతటితో ఆ సంగతి కూలిపోతుంది. ఈ కాలంలో వార్తలు ఫోన్లోకి ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నప్పుడు ఆ చిన్న ప్రశ్న అడగగలిగిన వాళ్ళే తక్కువ. యువ రచయితలు ఎవరైనా నన్ను ఏం చదవమంటారని అడిగితే ముందు ఆయన గల్పికలు చదవమంటాను. ఎలా రాయాలో అందులో ఉంది, ఎందుకు రాయాలో కూడా అందులోనే ఉంది.

ఆయన పుస్తకాలు దొరకవన్న భయం లేదు. ముందు విశాలాంధ్ర వాళ్ళు కేతు విశ్వనాథరెడ్డి గారి సంపాదకత్వంలో ఆయన సాహిత్యాన్ని సంపుటాలుగా వేశారు. తర్వాత కృష్ణాబాయి, ప్రసాద్ గార్ల సంపాదకత్వంలో విరసం 'రచనా ప్రపంచం' పేరుతో మొత్తం వేసింది. ఆయన నిలబడిన సంఘమే ఆయన రాతను కాపాడింది. ఏ విశ్వవిద్యాలయమూ చేయని పని అది. 'చందమామ' మాత్రం పోయింది. 2007లో చేతులు మారి, ఆ తర్వాత కొన్నేళ్ళకు అచ్చు ఆగిపోయింది.

పుస్తకాలు ఉన్నా చదివేవాళ్ళు ఏరీ అన్నది మా ఊళ్ళో ఇప్పుడు అసలు బాధ. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. ఈ నేల భాష అది, మా అన్నం భాష అది. తమిళంతో పాటు తెలుగూ నేర్పే బడులు తగ్గిపోవడం వేరు సంగతి. ఇవాళ మా వీధిలో తెలుగు ఇళ్ళ పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. కుటుంబరావు గారు అక్షరం అక్షరం ఏరి పిల్లల కోసం పెట్టిన భాష ఆ పిల్లల చెవిలో ఉంది, కంటికి అందడం లేదు. మా తరం వాళ్ళం ఇది చూస్తూ ఊరుకున్నాం. సంఘాలు పెట్టాం, ఉగాదికి సభలు చేశాం, శాలువాలు కప్పాం. అక్షరాలు నేర్పే పని మాత్రం బడికి వదిలేశాం.

అందుకని ఈ ఆగస్టు 17న ఆయన ఫోటోకు దండ వెయ్యడంతో సరిపెట్టవద్దని నా విన్నపం. మీ ఇంట్లో పదహారేళ్ళ పిల్లో పిల్లవాడో ఉంటే 'చదువు' చేతికివ్వండి. తెలుగు చదవడం రాకపోతే రోజుకు కొన్ని పేజీలు మీరే చదివి వినిపించండి, సుందరం వాళ్ళ ఇల్లు వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. చిన్నపిల్లలుంటే పాత 'చందమామ' ఒకటి తెచ్చి, భేతాళ కథ చివరి పేజీ మూసి, జవాబు వాళ్ళను చెప్పమనండి. రాజు జవాబు తప్పని వాళ్ళు వాదిస్తే వాదించనివ్వండి.